నాయినమ్మ పాటలకెల్లి నేను తీసేసిన మనిషి

బరువులంటే భయపడే మనిషిని కాదు నేను. దిల్‌సుఖ్‌నగర్ల ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్న. నిండు గ్యాస్ సిలిండర్‌ను ఒంచి వంటింటి దాంక ఒక్కదాన్నే దొర్లిచ్చుకుంట పోత, వంటామె చూసి నోరు తెరుస్తది. గంత మొండి మనిషిని, ఒక్క ముచ్చటను మాత్రం ఇన్నేండ్లసంది కడుపుల పెట్టుకొని మోస్తున్న. దించుకునే జాగ దొరకలే. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు, గందుకే మీకు చెప్పాలని నోరు లేస్తున్నది. నడుమ నడుమ ఆగుత. ఆగితే ఏమనుకోవద్దు.

ముందుగాల ఒకటి చెప్పాలె. నేను ఏడ్చుకుంట రాస్తలేను. మా నాయినమ్మ పేరెత్తితే నా ఛాతి ఉబ్బుతది. తప్పు చెప్పేటప్పుడు సుత ఉబ్బుతది, ఏం చేయాలె? నన్ను ముంచింది ఆ గర్వమే, ఇయ్యాల మాట్లాడిపిస్తున్నదీ ఆ గర్వమే. రెండిటిని విడదీసుడు నాకు చేతనైతలేదు.

మా నాయినమ్మ నర్సమ్మ. కొత్తపేట ఇంక ఊరుగానే ఉన్నప్పుడు, చుట్టుముట్టు ద్రాక్ష తోటలు, జొన్నచేన్లు ఉన్నప్పుడు ఆ ఇంటికి కోడలుగ ఒచ్చింది. సదువు రాదు, ఏలిముద్రనే. కని మా ఇంటి ముచ్చట్లు మొత్తం ఆమె కాడ ఉండె. పుస్తకంల కాదు. బతుకమ్మ పాటల.

అందరు బతుకమ్మ ఆడంగ దేవుళ్ల పాటలు, అత్తాకోడండ్ల పాటలు పాడుతరు గద. మా నాయినమ్మ గవి పాడేది కాదు. ఆమెకు సొంతంగ ఒక పాట ఉండె. అండ్ల ఆమె బతుకే ఉండె. పెండ్లి బండి ఎట్ల ఒచ్చిందో, బండి ముంగట ఎవరు కూసున్నరో, బాయి తవ్వితే ఎన్నో నాటికి నీళ్లు పడ్డయో, నల్లబర్రె ఎట్ల తప్పిపోయి సరూర్‌నగర్ చెరువు కట్ట మీద దొరికిందో, అన్ని ఉయ్యాలో ఉయ్యాలో అనుకుంటనే చెప్పేది. ఏడాదికోసారి, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూలు ఇంక రేపనంగ, గడప మీద కూసోని ఆ ఏడు జరిగింది ఏదో ఒకటి పాటల కలుపుతుండె. నేను పుట్టిన ఏడు నన్ను కలిపింది. భూమి అమ్మిన ఏడు ఆ భూమిని కలిపింది. ఇంట్ల ఎవరికన్న పెండ్లి ఎప్పుడైంది, ఎవరెప్పుడు పోయిండ్రు అని కొట్లాటొస్తే మా నాయిన, చిన్నాయిన ఇద్దరు ఆమె ముంగటికే పోయి నిలబడుదురు. ఆమె కండ్లు మూసుకొని లోపల్లోపల పాడుకొని, తీర్పు చెప్పేది.

ఆ పాటకు ఒక్కటే కట్టుబాటు. ఒకసారి పాటల ఎక్కినోళ్లను తీసేది లేదు. మా చిన్నతాత పొలం గట్టు జరిపి మా జాగ కలుపుకున్నడు, కోర్టు దాంక పోయిండ్రు, ముప్పై ఏండ్లు మాటల్లేవు. ఆయన సుత పాటల ఉన్నడు, గట్టుతోని సహా ఉన్నడు. "తీసెయ్యరాదే నాయినమ్మ, గా ముసలోని పేరెందుకు?" అని నేను చిన్నప్పుడు అడిగిన. "తీస్తే నా బతుకుల బొక్క పడతది పోరీ" అన్నది. నేను నవ్విన. ఆ మాట అప్పుడు నాకు ఎక్కలే.

ఇగ అనసూయమ్మ ముచ్చట.

మా నాయిన పుట్టిన నెలకే నాయినమ్మకు టైఫాయిడ్ ఒచ్చింది. దవాఖానల పండవెట్టిండ్రు. పాలు ఎండిపోయినయి. పిల్లగానికి బర్రెపాలు పడలే, మేకపాలు పడలే, కక్కుడే. అప్పుడు మా ఇంట్ల ముందటి అర్రల ఒక జంట కిరాయికుండె. ఆయన సర్కారు ఆఫీసుల గుమాస్తా, కృష్ణాజిల్లా దిక్కు మనిషి. ఆయన భార్యనే అనసూయమ్మ. ఆమెకు చంకల ఆర్నెల్ల బిడ్డ. మా ముత్తవ్వ వొద్దంటున్నా ఇనకుంట, ఎవరు అడగకముందే, ఆమె మా నాయినను ఎత్తుకొని కొంగు కింద పెట్టుకున్నదట. ఒక దిక్కు తన బిడ్డ, ఒక దిక్కు మా నాయిన. నాయినమ్మ లేచి తిరిగేదాంక మూడు నెలలు గట్లనే. ఆ పాలు లేకుంటే మా నాయిన లేడు. మా నాయిన లేకుంటే మీకు గీ ముచ్చట చెప్పెటందుకు నేనెక్కడున్న?

ఆ ఏడు నాయినమ్మ అనసూయమ్మను పాటల ఎక్కిచ్చింది. బాయి తర్వాత, నల్లబర్రెకు ముందు ఆమె ఒచ్చేది. నాకు రెండు వరుసలు యాదికున్నయి:

కిరాయికొచ్చెనమ్మ ఉయ్యాలో, కృష్ణ ఒడ్డు పిల్ల ఉయ్యాలో
కుడి రొమ్ము నా కొడుక్కు ఉయ్యాలో, ఎడమ తన బిడ్డకు ఉయ్యాలో

ఇంక నాలుగైదు వరుసలుండె. అవి నాకు యాదికి లేవు. ఎందుకు లేవో ముంగట చెప్త.

తర్వాత అనసూయమ్మోళ్లు చైతన్యపురిల ఇల్లు కట్టుకున్నరు. నాయినమ్మకు ఆమెకు రాకపోకలు తెగలే. ఒకరు "వదినగారూ" అంటే ఒకరు "ఏందే అనసూయ" అనుడు. అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలైనప్పుడు కొందరు మా వాకిట్లకు ఒచ్చి కిరాయోళ్లను బైటికి పంపుమన్నరట. అప్పటికింక వాళ్లు మా ఇంట్లనే ఉన్నరు. నాయినమ్మ గడపల అడ్డం కూసోని బియ్యం ఏరుకుంట, "నా ఇంట్ల ఎవలుండాల్నో నాకు చెప్పెటోడు ఎవడు?" అన్నదట. బియ్యం ఏరుడు అయిపోయేదాంక లేవలేదట. గీ ముచ్చట అనసూయమ్మ చెప్తేనే నేను విన్న. చెప్పినప్పుడల్లా ఆమె కండ్లల్ల నీళ్లు, నా మొఖంల మెరుపు. గసొంటి మనిషికి మనుమరాలిని నేను!

అనసూయమ్మను నేను మామ్మ అని పిలుస్తుంటి. ప్రతి ఏడు పండుగ ఆఖరునాడు, సద్దుల బతుకమ్మ నాడు ఆమె మంగళగిరి చీర కట్టుకొని ఒస్తుండె. పాడేది కాదు, ఆడేది కాదు. ఆడేటోళ్ల వరుస బైట నిలబడుతుండె. బాయి ముచ్చట అయిపోంగనే నాయినమ్మ ఆమె చెయ్యి పట్టి నడుమకు గుంజుతుండె. ఆమె వరుసలు అయిపోయేదాంక ఇద్దరు చప్పట్లు కొట్టుకుంట తిరుగుదురు. ఆ ముసలామె మొఖం చూడాలె అప్పుడు, సిగ్గు, సంబురం రెండు ఒక్క తీరుగ ఉండె.

తర్వాతది చెప్పాలంటే తెలంగాణ ఉద్యమం ముచ్చట చెప్పాలె. నా ముచ్చట సుత.

నేను ఇంటర్ అయినంక దిల్‌సుఖ్‌నగర్ల ఒక కోచింగ్‌ల చేరిన. క్లాసుల సగం మంది కోస్తా పిల్లలు. నేను లేచి "సార్, గిది ఎట్లొచ్చింది?" అని అడిగితే ఎనక బెంచీల నవ్వులు. "ఎట్లొచ్చింది ఎట్లొచ్చింది" అని ఒకామె వారం దినాలు అన్నది. అందరు అట్ల లేరు, మంచోళ్లు మస్తు మంది ఉన్నరు. కని ఆ నవ్వు నా చెవులల్ల ఉండిపోయింది. అప్పటిసంది క్లాసుల లేచి అడుగుడు బంద్ చేసిన. మా ఊరి మీద కట్టిన బిల్డింగుల, మా మాట మాట్లాడెటందుకు నాకే సిగ్గయింది. గది మీకు అర్థమైతదా? అయితే మంచిది, కాకున్నా మంచిదే. నేను సాకులు చెప్తున్ననని అనుకోవద్దు. చెప్తున్ననేమో, చూద్దాం.

తర్వాత ఉద్యమం ఒచ్చింది. మా మాట మైకులెక్కింది. మా పాట సడకెక్కింది. చాటుకు మాట్లాడినోళ్లు ఎలుగెత్తి మాట్లాడిండ్రు. నేను హాస్టల్ పిల్లలను తీసుకొని ఎన్ని ర్యాలీలకు పోయిన్నో లెక్కలేదు. సకల జనుల సమ్మె నడిచిన ఏడు ఎల్బీనగర్ రింగురోడ్డు కాడ సద్దుల బతుకమ్మ పెద్దగ చేద్దామని మా దిక్కు ఆడోళ్లందరు అనుకున్నరు. "మీ నాయినమ్మ పాట పెడదాం, ఈ మట్టి పాట గది" అని ఒకామె అన్నది. నేను గాల్లకు లేచిన.

నాయినమ్మకు అప్పటికే మోకాళ్ల నొప్పులు, ఆయాసం. మైకు ముందట నిలబడి గంటసేపు పాడుడు ఆమెతోని కాదు. కని ఆ పాట మొత్తం నేను అంతకుముందే రికార్డు చేసి పెట్టిన. ఆమె పోతే పాట పోతదని భయముండె నాకు. ఒక చిన్న రికార్డర్ కొని, హాస్టల్ డాబా మీద మంచమేసి, మాపటీలి పూట పాడిపిచ్చిన. నడుమ దగ్గు ఒచ్చినప్పుడు ఆపుడు, చాయ్ తాగిపిచ్చుడు, మళ్ల పాడిపిచ్చుడు. మా ఇంట్ల గంతమంది సదువుకున్నోళ్లు ఉన్నరు, ఎవ్వరికీ ఆ బుద్ధి పుట్టలే, నాకే పుట్టింది. ఇప్పటికీ అంటున్న, నేను చేసిన మంచి పని ఏదన్న ఉంటే గదే.

గాడికే ఆపితే మంచిగుండు.

పాట గంట ఉన్నది. సడక మీద అరగంటకన్న ఎక్కువ ఆడలేరు. కుదించాలె. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల పెండ్లి వీడియోలు చేసే స్టూడియో ఉండె, ఆడికి పోయిన. స్టూడియో ఆయన కంప్యూటర్ ముందట కూసున్నడు, నేను పక్కన కుర్చీ ఏసుకొని కూసున్న. ఇది ఉంచు, ఇది తియ్యి అని చెప్పుకుంట పోయిన. పెండ్లి బండి ఉంచిన. బాయి ఉంచిన. అనసూయమ్మ ఒచ్చింది. జర ఆపుమన్న.

ఏమనుకున్న అప్పుడు? మీకు నిజం చెప్త. రింగురోడ్డు మీద, గంతమంది నడుమ, గులాబీ కండువాల నడుమ, మా నాయినమ్మ పాట మోగుతుంటే, ఆ పాట నట్టనడుమ ఒక కృష్ణ ఒడ్డు పిల్ల తెలంగాణ పిల్లగానికి పాలిచ్చుకుంట కూసుంటదా? ఎవడన్న నవ్వితే? "గీ ఇంటోళ్లు ఎవరి పాలు తాగిండ్రో" అని ఎవడన్న అంటే? మొదటిసారి నా మాట, నా ఇంటి మాట గింత పెద్దగ ఇనపడబోతున్నది. అది మచ్చ లేకుంట ఇనపడాలనిపిచ్చింది. మచ్చ. ఆ మాటనే నా మనసుల మెదిలింది. మా నాయినను బతికిచ్చిన మనిషి మచ్చ అయింది నాకు.

"గిది తీసెయ్యిండ్రి, రొమ్ములు గిమ్ములు అంటే మైకుల బాగుండదు" అని స్టూడియో ఆయనతోని అన్న. ఆయన నమ్మిండు. నేను సుత కొన్ని దినాలు నమ్మిన. నవ్వొస్తది. అదే పాటల మా చిన్నాయిన గోచి ఊడిపోయిన ముచ్చట ఉన్నది, అది ఉంచిన. నల్లబర్రెను ఉంచిన. బర్రెను ఉంచి అనసూయమ్మను తీసిన.

నన్ను ఎవ్వరు అడగలే. గిది మీరు జర గట్టిగ పట్టుకోవాలె. ఉద్యమంల ఒక్క మనిషి, ఒక్క ఆడామె, ఒక్క మొగాయన, ఆ వరుసలు తియ్యమని నాతోని అనలే. వాళ్లకు ఆ వరుసలున్న సంగతే తెల్వదు. రింగురోడ్డు కాడ వంటావార్పు చేసినప్పుడు మా పక్కపొంటి ఇంట్లున్న విజయవాడ ఆమె గంజు, గరిటె పట్టుకొని ఒచ్చి పప్పు కలిపింది. ఎవరేమన్నరు? ఏమనలే. నా భయం నాదే, నా సిగ్గు నాదే. ఉద్యమం మీద పెట్టుడు చాతకాదు నాకు.

లేచి ఒస్తుంటే స్టూడియో ఆయన అడిగిండు, మొత్తం పాట ఉంచాల్నా, తీసెయ్యాల్నా, కంప్యూటర్ల జాగ లేదు అని. రికార్డర్ల ఉన్నది గద అనుకుంటున్నరా? రికార్డర్ల కార్డు నిండిందని ఆయన కంప్యూటర్ల ఏసి, కార్డు నేనే ఖాళీ చేసిన. ఆ సంగతి నాకు తెల్సు. తెలిసే "తీసెయ్యిండ్రి" అన్న. ఎందుకన్న? ఉంటే ఎప్పుడన్న ఎవరన్న ఇంటరని. అంతే. ఆ తర్వాతనే తెలిసింది, ఆ మిగిలిన వరుసలు నాకు నోటికి రావని. చిన్నప్పటిసంది విన్న గద, ఒస్తయనుకున్న. వినుడు వేరే, ఒచ్చుడు వేరే.

సద్దుల నాడు బస్సులు బంద్, సడక మొత్తం మాదే. తంగేడు పూలు అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కుకెల్లి ఆటోల బస్తాలు బస్తాలు తెచ్చిండ్రు. రింగురోడ్డు చుట్టు బతుకమ్మలు. కరెంటు పోయింది, జనరేటర్ పెట్టిండ్రు. నాయినమ్మను కొత్త చీర కట్టిపిచ్చి ముందట కుర్చీల కూసోవెట్టిన. ఇగ పాట మొదలైంది.

ఏమని చెప్పాలె మీకు! మా నాయినమ్మ గొంతు, డాబా మీద దగ్గుకుంట పాడిన గొంతు, ఆ రింగురోడ్డు నాలుగు దిక్కులకు పోయింది. ఎవరో తెల్వని ఆడోళ్లు, ఎక్కడెక్కడి ఆడోళ్లు, మా పెండ్లి బండి చుట్టు తిరిగిండ్రు, మా బాయి చుట్టు తిరిగిండ్రు. "ఎవరి పాటనే, ఎంత మంచిగున్నది" అని ఒకరినొకరు అడిగిండ్రు. నాకు ఒళ్లంతా జల్లుమన్నది. క్లాసుల నవ్వినోళ్లు గుర్తుకొచ్చిండ్రు. ఇనుండ్రి ఇప్పుడు అనుకున్న.

అప్పుడు అనసూయమ్మను చూసిన. సమ్మె దినాలు, బైటికి పోవద్దని కొడుకు అన్నా ఇనకుంట, మంగళగిరి చీరనే కట్టుకొని నడుచుకుంటనే ఒచ్చింది. వరుస బైట నిలబడ్డది. బాయి ముచ్చట అయిపోయింది. ఆమె కొంగు సదురుకొని ఒక అడుగు ముందటికేసింది. పాటల నల్లబర్రె ఒచ్చింది.

ఆమె అడుగు ఎనకకు తీసుకున్నది. చప్పట్లు కొట్టేటందుకు లేపిన చేతులు కిందికి దించుకున్నది. నేను చూసిన. స్పీకర్ కాడనే ఉన్న నేను, అన్ని చూసిన. పాట అయిపోయినంక ఆమె నా దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, వదినగారు నాది తీసేశారా?"

అప్పుడు చెప్పుంటే? నేనే తీసిన మామ్మా, తప్పయింది అంటే? నా నోట్లకెల్లి ఏమొచ్చిందో తెల్సా?

"ఏమో మామ్మా. నాయినమ్మ ఎట్ల పాడితే గట్లనే రికార్డు చేసిన."

"ఆవిడే పాడలేదా?"

"పాడలే."

ఆమె కొద్దిసేపు నాయినమ్మ కూసున్న కుర్చీ దిక్కు చూసింది. నాయినమ్మ చుట్టు జనం, కాళ్లు మొక్కుతున్నరు, ఫోటోలు దిగుతున్నరు.

"పోన్లేమ్మా, రోజులు అలా ఉన్నాయి. ఆవిడకి మాత్రం ఎన్ని ఇబ్బందులున్నాయో. నేనడిగానని చెప్పకు, బాధపడతారు." మళ్ల "పాట మాత్రం చాలా బాగా వచ్చిందమ్మా. ఆ గొంతు ఎక్కడికీ పోకుండా దాచావు" అన్నది. ప్రసాదం సత్తుపిండి చేతుల పెడితే కండ్లకద్దుకొని తీసుకున్నది. నాయినమ్మను కలవకుంటనే పోయింది.

ఇంటికొచ్చినంక నాయినమ్మ అడిగింది, "అనసూయది రాలేదేందే? నడుమ దుంకింది గద?" జనం నడుమ ఉన్నా ఆమె చెవు పాట మీదనే ఉండె మరి. మిషన్ల పోయింది నాయినమ్మా అన్న. "అయ్యో పాపం, దానికెట్ల అనిపిచ్చిందో. రేపు పొయ్యి చెప్పు, మిషన్ల పోయిందని. ఒచ్చే ఏడు నేనే పాడుత" అన్నది. సరే అన్న. పోలే. ఎట్ల పోవాలె? ఈమెకేమో మిషన్ అని చెప్పిన, ఆమెకేమో నువ్వే పాడలేదని చెప్పిన. ఇద్దరు ఒక్క కాడ కూసుంటే నా బండారం బైటపడ్తది. "ఫోన్ కలుపవే" అని నాయినమ్మ అడిగినప్పుడు కలుస్తలేదు అన్న. ఒక్కసారి కాదు. ఆమెకు నంబర్లు తెల్వవు, నేను కలిపితేనే ఫోన్. ఏలిముద్ర మనిషిని ఏమార్చుడు ఎంత అల్కగుండెనో! అప్పుడు నాకు సిగ్గనిపియ్యలే, హమ్మయ్య అనిపిచ్చింది. గిది చెప్పుడు అన్నిటికన్న కష్టంగున్నది నాకు.

ఆ చలికాలమే నాయినమ్మకు పక్షవాతం ఒచ్చింది. నోరు పడిపోయింది, యాది చెదిరిపోయింది. అనసూయమ్మ దవాఖానకు ఒచ్చింది. మంచం పక్కన కూసోని నాయినమ్మ చెయ్యి పట్టుకున్నది. నాయినమ్మ ఆమె దిక్కు చూసింది, గుర్తువట్టిందో లేదో తెల్వదు. లిఫ్టుల కిందికి దింపేటందుకు నేనే పోయిన. లిఫ్టుల ఇద్దరమే. నిజం చెప్పకుంటనే ఆటో ఎక్కిచ్చిన. తర్వాత రెండేండ్లకు అనసూయమ్మ పోయింది. మా నాయిన పాడె మోసిండు, సొంత కొడుకు పక్కన ఇంకో కొడుకు లెక్క నిలబడ్డడు. చూసి గర్వపడ్డ. మా ఇంటి మనిషి గట్లనే నిలబడాలె అనుకున్న. ఆమెను కాష్ఠం మీద పెడుతున్నరు, నేనింక మా ఇంటి ముచ్చటనే అనుకుంటున్న, చూస్తున్నరా నా తీరు? ఆమె పోయింది, తన వదినగారు ఉద్యమానికి జడిసి తనను పాటలకెల్లి తీసిందనుకొనే పోయింది. గడపల అడ్డం కూసున్న మనిషి ఎవరికి జడిసింది? ఎవరికీ జడవలే. జడిసింది నేను. ఆ పిరికితనం నాయినమ్మకు అంటగట్టిన. మా ఇంట్ల అందరికన్న ధైర్యమున్న మనిషికి!

దవాఖానకెల్లి పంపేటప్పుడే, నాయినమ్మకు మాట తిరిగి వస్తదని డాక్టర్ అన్నడు. అలవాటైన పాటలు ఇనిపియ్యుండ్రి, దాన్ని పట్టుకొని మాటొస్తది అన్నడు. ఇంట్ల ఏమున్నది? స్టూడియోల చేపిచ్చిన ఆ అరగంట పాట సీడీ ఉన్నది. పొద్దుమాపు పెట్టినం. ముందుగాల పెదవులు కదిలినయి. తర్వాత ఉయ్యాలో ఒచ్చింది. తర్వాత బండి, బాయి, నల్లబర్రె. తన పాటను తనే మొదటికెల్లి నేర్చుకున్నది నాయినమ్మ, చిన్నపిల్ల లెక్క, సీడీ ఎట్ల పాడితే గట్ల. ఒకనాడు మొత్తం అరగంట పాట తప్పు లేకుంట పాడింది. మా చిన్నాయిన ఏడ్చిండు. చుట్టాలందరు నన్ను మెచ్చుకున్నరు, నువ్వు రికార్డు చెయ్యకుంటే ముసలామె ఏమైపోవు అన్నరు. నిజమే. గది నిజమే. నేను రికార్డు చేసినందుకే ఆమెకు నోరొచ్చింది. నేను కోసినందుకే...

ఒకనాడు ఆమె మంచం కాడ ఎవరు లేరు. నేను కూసోని ఆ రెండు వరుసలు పాడిన. కిరాయికొచ్చెనమ్మ ఉయ్యాలో, కృష్ణ ఒడ్డు పిల్ల ఉయ్యాలో. కుడి రొమ్ము నా కొడుక్కు ఉయ్యాలో. ఆమె గుర్తువడుతదని, మిగిలిన వరుసలు ఆమె నోట్లకెల్లి ఒస్తయని, నన్ను తిడుతదని, ఎంత ఆశపడ్డనో మీకు చెప్పలేను. తిట్టినా మంచిదే అనిపిచ్చింది. ఆమె చెవు నా దిక్కు పెట్టి, కండ్లు మూసుకొని, మొత్తం ఇన్నది. ఇని నవ్వింది.

"మంచిగున్నదే," అన్నది. "ఎవలదే గీ పాట?"

"ఎవరిదో నాయినమ్మా" అన్న.

"ఇంకోసారి పాడు" అన్నది. నాకు అవే వరుసలొస్తయి. అవే పాడిన. తర్వాత ఏమైందే ఆ పిల్లకు అని అడిగింది. నాకు తెల్వదు అన్న.

ఇప్పుడు నాయినమ్మ లేదు. ఆ పాట ఉన్నది. మా కాలనీల, హాస్టల్ల, ఎల్బీనగర్ దిక్కు శానా గల్లీలల్ల సద్దుల నాడు అదే పాడుతరు. ఫోన్లల్ల ఉన్నది. పిల్లలు ఆ దగ్గుతోని సహా నేర్చుకున్నరు. ఇన్నప్పుడల్లా నాకు ఛాతి ఉబ్బుతది, చెప్పిన గద, ఇంక తక్కువ కాలే. బాయి కాడికి రాంగనే జర గట్టిగ చప్పట్లు కొడుత, నల్లబర్రె తొందరగ రావాలని. మా నాయినకు సుత ఇప్పటిదాంక చెప్పలే. చెప్తే ఏమంటడో తెల్సు, ఏమనడు. ఆ ఏమననుడే నేను మొయ్యలేను.

మీరు మాఫ్ చెయ్యాలని గీ ముచ్చట చెప్పలే. మీరు చెయ్యలేరు, చెయ్యాల్సిన ఇద్దరు లేరు. ఒక్కసారి నా నోటితోని అననిండ్రి, అంతే. అనసూయమ్మ మామ్మా, నాయినమ్మ పాడింది. మొత్తం పాడింది. నీ వరుసలు ఒచ్చినప్పుడు దగ్గు ఒచ్చింది, ఆగి, నీళ్లు తాగి, మళ్ల మొదటికెల్లి పాడింది. ఆమె తియ్యలే. నేను తీసిన.